కలత, తేట

ఈ మాట చదవండి.

కలత

క, ల, త. మూడే అక్షరాలు. గుడి లేదు, కొమ్ము లేదు, ఒత్తు లేదు. మూడింటికీ తలకట్టే. చదవడం తేలిక. రాయడం ఇంకా తేలిక. కానీ ఈ మాటతో ఒక వాక్యం చెప్పమంటే చాలామంది ఆగిపోతారు.

నెల్లూరు జిల్లాలో ఒక పల్లెలో అలాగే జరిగింది. రాత్రి 7 గంటలు దాటింది. బడి వరండాలో ఆడవాళ్ళు పన్నెండు మంది కూర్చున్నారు. కొందరు పొలం నుంచి వచ్చి, ఇంత వండి పడేసి, పలక చేతపట్టుకుని వచ్చారు. చదువు చెప్పే అమ్మాయి బోర్డు మీద కలత అని రాసింది.

"ఈ మాటతో ఒక్కొక్కరు ఒక్కో వాక్యం చెప్పండి" అంది.

ఎవరూ పలకలేదు.

"కల తెలుసు. రాత్రి వచ్చేది. ఇదేంది పాపా?" అంది ఒకామె.

"కల వేరు పెద్దమ్మా, కలత వేరు" అంది అమ్మాయి.

అందరికన్నా పెద్దది అవ్వ. అవ్వకు డెబ్బై ఏళ్ళు దాటాయి. ఆమె అంది: "చెరువులోకి బర్రెలు దిగితే నీళ్ళు ఎట్టుంటాయి?"

"బురదగా ఉంటాయి."

"కలిగిపోయి ఉంటాయి. అదే ఇది కూడా. నీళ్ళు కలిగిపోతే కలక. మనసు కలిగిపోతే కలత."

అవ్వ చెప్పింది సరైన మాట. వాన పడితే వాగులో కలక నీళ్ళు వస్తాయి. కళ్ళు ఎర్రబడి పుసులు కడితే కళ్ళకలక అంటాం. గరిటె పెట్టి తిప్పితే కలచడం. ఏదైనా ఘోరం చూస్తే "మనసును కలచివేసింది" అంటాం. ఇవన్నీ ఒకే ఇంటి బిడ్డలు. తెలుగువాళ్ళు మనసును నీళ్ళకుండతో పోల్చి చూశారన్న మాట. కుండ కదిలితే అడుగున ఉన్న మన్ను పైకి లేస్తుంది. ఆ మన్ను అంతకు ముందు లేక కాదు. అడుగున ఉండింది.

మరి నీళ్ళు బాగుపడితే ఏమంటాం? తేరాయి అంటాం. తేటపడ్డాయి అంటాం. మనిషికీ అదే మాట. "ఇప్పుడు కొంచెం తేరుకుంది" అంటాం. "మనసు తేటపడింది" అంటాం.

వెనకటి రోజుల్లో కలక నీళ్ళు తేరడానికి చిల్లగింజ వాడేవారు. కుండ లోపల ఆ గింజను అరగదీసి నీళ్ళు పోస్తే, కాసేపటికి మన్ను అడుక్కు దిగేది. పటిక వేసినా దిగుతుంది. అయితే ఒక సంగతి. తేరిన నీళ్ళన్నీ తాగే నీళ్ళు కావు. కంటికి కనిపించని క్రిములు అందులోనే ఉంటాయి. కాచి చల్లార్చాకే తాగాలి. ఇది పాఠంలో మాట కాదు గానీ, నీళ్ళ సంగతి వచ్చినప్పుడు చెప్పకుండా ఉండలేం.

ఇప్పుడు వాక్యాలు వచ్చాయి.

"మా అమ్మకు బాగలేదని తెలిసి నా మనసు కలత పడింది" అంది ఒకామె.

"రాత్రంతా కలత నిద్ర. కోడి కూసినప్పుడే లేచినా" అంది ఇంకొకామె.

"మా ఇంట్లో అన్నదమ్ముల మధ్య కలతలు వచ్చాయి" అంది మూడో ఆమె.

చూశారా, కలత అంటే ఒకటి, కలతలు అంటే వేరొకటి. కలత మనసులో ఉంటుంది. కలతలు మనుషుల మధ్య ఉంటాయి. ఒక్క లు చేరితే అర్థం మారింది. పుస్తకాల్లో, పేపర్లలో "కలత చెందింది" అని రాస్తారు. ఇంట్లో అలా ఎవరూ అనరు. చదివినప్పుడు అర్థమైతే చాలు.

కలతకు దగ్గరి మాటలు ఇంకా ఉన్నాయి. అన్నీ ఒకటే అనుకుంటాం. కాదు.

పాలు పొంగుతుంటే కంగారు. బస్సు కదిలిపోతుంటే కంగారు. కంగారు కాళ్ళలో, చేతుల్లో ఉంటుంది. పని అయిపోతే అదీ పోతుంది. పిల్లవాడు చీకటి పడినా ఇల్లు చేరకపోతే కలవరం. ఏం జరిగిందో తెలియదు, అందుకే కలవరం. వాడు వీధి మలుపులో కనిపించగానే పోతుంది, దాని చోట కోపం వస్తుంది. తల్లి ఊరికి పోతే బిడ్డకు బెంగ. పంట పోతే దిగులు. తెలంగాణ పల్లెల్లో అయితే రంది అంటారు. "ఏం రంది పెట్టుకున్నవ్?" అని అడుగుతారు. పరేషాన్ అయిన అంటారు. మాట ఏదైనా మనసు మనసే.

ఒంటికి నలత, మనసుకు కలత. ఈ రెండు మాటలూ పక్కపక్కన రాసి చూడండి. ఒక్క అక్షరమే తేడా. చాలామంది ఆడవాళ్ళు మనసుకు కలత వస్తే ఆ మాట చెప్పరు. ఒంట్లో నలతగా ఉందంటారు. నడుం నొప్పి అంటారు. తల తిరుగుతోంది అంటారు. నర్సమ్మ బిళ్ళలు ఇస్తుంది. బిళ్ళలు అయిపోతాయి, కలత మిగులుతుంది. ఆస్పత్రికి పోయినప్పుడు "నిద్ర పట్టడం లేదు, మనసు కలతగా ఉంది, ఇన్నాళ్ళ నుంచి ఉంది" అని అదే మాటతో చెప్పాలి. అప్పుడు వాళ్ళు అడగవలసినవి అడుగుతారు. 14416 అనే నంబరుకు ఫోను చేసినా మాట్లాడతారు. అది టెలి మానస్. 2022లో ప్రభుత్వం పెట్టింది. డబ్బు కట్టనక్కరలేదు. తెలుగులోనే మాట్లాడవచ్చు.

ఆ రాత్రి పాఠం మధ్యలో ఒకామె లేచి తన ఫోను చూపింది. ఆమె కొడుకు చెన్నైలో పనిచేస్తాడు. కొత్తగా రాయడం వచ్చింది కదా, ఆమె తనంతట తానే కొడుక్కు మెసేజి పెట్టింది.

"నాయనకు బాగలేదు. వెంటనే రా."

కొడుకు పని వదిలేసి, అప్పు చేసి, రాత్రికి రాత్రే వచ్చాడు. తీరా చూస్తే నాయన గడప తగిలి కాలు బెణికించుకున్నాడు. మంచం మీద కూర్చుని బీడీ కాలుస్తున్నాడు.

అందరూ నవ్వారు. ఆమె కూడా నవ్వింది. కానీ కొడుక్కు రెండు రోజుల కూలి పోయింది. వెనక తంతి వచ్చినప్పుడు ఇలాగే ఉండేది. తంతి అంటేనే ఊరంతా గుండె చేతపట్టుకునేది. మాటకింత అని డబ్బు కట్టాలి కాబట్టి రెండు మాటలే ఇచ్చేవారు. చదివించుకోవడానికి చదువు వచ్చినవాళ్ళ కోసం పరుగెత్తేవారు. 2013 జులైలో ఆ తంతి ఆగిపోయింది. ఇప్పుడు మెసేజికి మాటల లెక్క లేదు. నాలుగు మాటలు ఎక్కువ రాసినా ఎవరూ డబ్బు అడగరు.

అందరూ కలిసి ఆమె మెసేజిని మళ్ళీ రాశారు.

"నాయన కాలు బెణికింది. కట్టు కట్టించినాం. కంగారుపడకు. ఆదివారం వీలైతే రా."

"కంగారుపడబాక అని రాయకూడదా పాపా?" అని ఆమె అడిగింది. నెల్లూరు వైపు పోబాక, చెప్పబాక అంటారు.

"కొడుక్కు రాసేటప్పుడు రాయొచ్చు పెద్దమ్మా. వాడికి నీ గొంతు వినిపిస్తుంది. ఆఫీసుకు రాసేటప్పుడు మాత్రం పడకండి, చేయకండి అని రాయాలి."

అది మంచి జవాబు.

ఇంకొక మాట ఉంది. అది కొంచెం పెద్దది.

ఆందోళన

ఈ మాటకు అసలు అర్థం ఊగడం. ఉయ్యాల అటూ ఇటూ ఊగినట్టు మనసు ఊగితే ఆందోళన. "పరీక్ష ఎట్లా రాసిందో అని తల్లి ఆందోళన పడింది" అంటాం. పేపర్లో మాత్రం వేరుగా ఉంటుంది. "నీళ్ళ కోసం మహిళల ఆందోళన" అని ఉంటుంది. బిందెలతో రోడ్డు మీద కూర్చున్నారన్న మాట. మనసులో పడేదీ ఆందోళనే, రోడ్డు మీద చేసేదీ ఆందోళనే. ఎందుకలా?

దీనికి జవాబు అవ్వ దగ్గర ఉంది. 1992లో అవ్వ నడివయసు మనిషి. అప్పట్లో నెల్లూరు జిల్లాలో పల్లెపల్లెకూ రాత్రి బడులు నడిచాయి. ఆ చదువు పుస్తకాల్లో సీతమ్మ కథ అనే పాఠం ఉండేది. తాగే మొగుడితో ఒక ఆడమనిషి సంసారం ఏమైందో ఆ పాఠంలో ఉంది.

"చదివేసరికి అందరం తలలు దించుకున్నాం. ఒకరి మొగం ఒకరం చూసుకోలేదు. అది సీతమ్మ కథ కాదు, మా కథే" అంది అవ్వ.

పొద్దున కూలి డబ్బు. సాయంత్రం సారా కొట్టు. రాత్రి దెబ్బలు. అది ప్రతి ఇంట్లో ఉంది. ప్రతి ఆడమనిషీ తన ఒక్క ఇంట్లోనే ఉందనుకుని ఆందోళన పడింది. పాఠం చదివాక తెలిసింది, పక్కింట్లోనూ ఉందని. దూబగుంటలో ఆడవాళ్ళు కలిసి సారా కొట్టు మూయించారు. దూబగుంట రోశమ్మ పేరు జిల్లా దాటి వినిపించింది. ఆ ఊరి సంగతి విని పక్క ఊళ్ళు కదిలాయి. సారా వేలం పాటలు జరగకుండా ఆడవాళ్ళు అడ్డంగా నిలబడ్డారు. 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతా సారా అమ్మకం ఆపారు. 1995 జనవరిలో మద్యం మొత్తం నిషేధించారు. ఆ నిషేధం ఎన్నాళ్ళో నిలవలేదు. 1997లో సడలించారు. ఇప్పుడు ఊరి బయట ఏ కొట్టు ఉందో మీకు చెప్పనక్కరలేదు. అయినా ఆ రెండు మూడేళ్ళు ఇంటికి కూలి డబ్బు వచ్చిందని అవ్వ ఇప్పటికీ చెబుతుంది.

అమ్మాయి బోర్డు మీద రెండు వాక్యాలు రాసింది.

ఆడవాళ్ళు ఆందోళన పడ్డారు.
ఆడవాళ్ళు ఆందోళన చేశారు.

"తేడా ఏమిటి?" అంది.

"పడ్డారు, చేశారు" అన్నారు అందరూ.

అసలు పాఠం ఇక్కడ ఉంది. వాక్యం చివర వచ్చే మాటను గట్టిగా చూడాలి. పడు అంటే మన మీద వచ్చి పడేది. వాన పడింది. పిడుగు పడింది. భయపడింది. కలతపడింది. ఎవరు చేశారో ఆ మాటలో ఉండదు. "కలతపెట్టాడు" అంటే ఉంటుంది. ఎవరో ఒకడు పెట్టాడు. "వదిన కలతపడింది" అంటే వదిన ఒక్కతే కనిపిస్తుంది. "వాళ్ళు వదినను కలతపెట్టారు" అంటే వాళ్ళు కూడా కనిపిస్తారు.

మూల కూర్చునే వదిన ఒకామె ఉంది. అందరూ ఆమెను వదినా అనే పిలుస్తారు. రోజూ వస్తుంది, రాస్తుంది, పోతుంది. ఎప్పుడూ నోరు తెరిచి చదవదు. ఆ రాత్రి అందరూ పలకలు సర్దుకుంటుంటే ఆమె తన పలకను అమ్మాయి ముందు పెట్టింది. దాని మీద ఇలా ఉంది.

"నాకు ఉగాది నుంచి కలత నిద్ర. పొలం కాగితం మీద వేలిముద్ర పడింది."

తప్పు లేకుండా రాసింది. అమ్మాయి చదివి, ఇంకెవరూ చూడకుండా పలక తిప్పి పెట్టింది. అందరూ వెళ్ళాక అడిగింది.

"ఎవరి వేలిముద్ర వదినా?"

"నాదే."

"ఎవరి పొలం?"

"నాదే. మా అమ్మ పసుపు కుంకుమ కింద రాసిచ్చిన అర ఎకరం."

"మరి దానంతట అది పడిందా?"

వదిన మాట్లాడలేదు. తర్వాత మెల్లగా చెప్పింది. ఆమె భర్త వేరే రాష్ట్రంలో పనిలో ఉన్నాడు. ఉగాది ముందు బావగారు, అంటే భర్త అన్న, ఆటోలో ఒక ఆఫీసుకు తీసుకుపోయాడు. బ్యాంకు పని అన్నాడు. అక్కడ ఫొటో తీశారు. వేళ్ళు పెట్టమన్నారు, పెట్టింది. అప్పటికి ఆమెకు చదువు రాదు. ఏం కాగితమని అడిగితే "నీకెందుకు" అన్నాడు. ఆమె కూడా మళ్ళీ అడగలేదు. పెద్దవాడు కదా అనుకుంది. అప్పటి నుంచి నిద్ర లేదు. నాలుగు నెలల నుంచి నర్సమ్మ దగ్గర నడుం నొప్పికి బిళ్ళలు తెచ్చుకుంటోంది.

"ఫొటో తీశారంటే అది రిజిస్ట్రారు ఆఫీసు అయ్యుంటుంది వదినా" అంది అమ్మాయి. "అమ్మారో, తనఖా పెట్టారో తెలుసుకోవచ్చు. ఈసీ అనే కాగితం ఒకటుంది. ఆ పొలం మీద రిజిస్టరు అయిన అమ్మకాలు, తనఖాలు అందులో ఉంటాయి. మీసేవలో ఇస్తారు. పాసుబుక్కులో సర్వే నంబరు ఉంటుంది, అది చాలు."

"తెలిస్తే ఏమవుతుందో అని భయం" అంది వదిన.

ఆ భయం తప్పు కాదు. కుండలో చేయి పెడితే ముందు ఇంకా కలుగుతుంది. కలక నీళ్ళు కదా అని పారబోసుకోలేం, అడుగున ఏముందో చూడకుండా తాగనూ లేం.

మర్నాడు వదిన, అమ్మాయి, అవ్వ ముగ్గురూ మండలానికి పోయారు. అవ్వ ఎందుకంటే, అవ్వ ఉంటే ఎవరూ కసరుకోరు. పాసుబుక్కు పెట్టెలో అడుగున దొరికింది. సర్వే నంబరు వదినే చదివి చెప్పింది. కాగితం చేతికి వచ్చాక మీసేవ బల్ల మీదే పెట్టుకుని, వేలు కింద పెట్టుకుంటూ చదివింది. ఊరి పేరు చదివింది. తన పేరు చదివింది. తన పేరు అచ్చులో చూడడం అదే మొదటిసారి. తర్వాత ఒక మాట దగ్గర వేలు ఆగింది.

"త... న... ఖా."

"తనఖా" అంది అమ్మాయి. "అమ్మలేదు వదినా. తాకట్టు పెట్టారు."

వదిన అక్కడే మెట్టు మీద కూర్చుంది. ఏడ్చింది. అవ్వ పక్కన కూర్చుని, "ఏడువు. ఎంత ఉందో ఏడ్చి లే. పొలం పోలేదు" అంది.

పోలేదు. కానీ అప్పు ఉంది. ఆ అప్పు ఎవరు తీసుకున్నారు, ఎవరు తిన్నారు, ఎవరు కట్టాలి అనేది తేలాలి. అందుకు లాయరు కావాలి. లాయరంటే డబ్బు అని చాలామంది వెనక్కు పోతారు. 1987లో చేసిన న్యాయ సేవల చట్టం ప్రకారం ఆడవాళ్ళెవరికైనా ఉచితంగా న్యాయ సహాయం ఇవ్వాలి. ఆదాయం ఎంత అని లెక్క లేదు. ఆడమనిషి అయితే చాలు. కోర్టు ఆవరణలో న్యాయ సేవల ఆఫీసు ఉంటుంది. 15100 నంబరుకు ఫోను చేసినా చెబుతారు. అక్కడికి పోయినప్పుడు జరిగింది జరిగినట్టు ఒక అర్జీ రాసి ఇవ్వాలి.

అర్జీ వదినే రాసింది. రెండు రాత్రులు పట్టింది. మొదట ఇలా రాసింది.

"అయ్యా, నా పొలం కాగితాల మీద నా వేలిముద్ర పడింది. నేను చాలా కలతపడ్డాను."

అమ్మాయి ఏమీ అనలేదు. వేలితో చివరి మాటలు రెండూ చూపింది. పడింది. పడ్డాను.

వదిన చాలాసేపు చూసింది. చెరిపింది. మళ్ళీ రాసింది.

"అయ్యా, మా బావగారు బ్యాంకు పని అని చెప్పి, కాగితంలో ఏముందో చెప్పకుండా, నాచేత వేలిముద్ర వేయించారు. నా పొలం తనఖా పెట్టించారు. ఈ సంగతి నేను ఈసీ చదివి తెలుసుకున్నాను."

"బావగారు అని ఉంచాలా, పేరు రాయాలా?" అని అడిగింది.

"పేరు రాయాలి."

పేరు రాసేటప్పుడు చేయి వణికింది. పెళ్ళయి పదిహేనేళ్ళు, ఆయన పేరు ఆమె ఒక్కసారి కూడా నోటితో పలకలేదు. రాసింది. కింద సంతకం చేసింది. వేలిముద్ర వేయడానికి అలవాటుగా బొటనవేలు ముందుకు వచ్చింది. అది చూసి అమ్మాయి నవ్వింది. వదిన కూడా నవ్వింది.

ఆ పని ఇంకా నడుస్తోంది. ఇంట్లో కలతలు వచ్చాయి. బావగారు మాట్లాడడం లేదు. తోడికోడలు పొయ్యి వేరు పెట్టింది. భర్త మొదట ఫోనులో కేకలు వేశాడు, తర్వాత ఈసీ ఫొటో పంపమన్నాడు. నిద్ర పడుతోందా అని నర్సమ్మ అడిగితే, "కొన్ని రాత్రులు పడుతోంది, కొన్ని రాత్రులు లేదు" అని చెప్పింది. నడుం నొప్పి అనలేదు.

ఇప్పుడు మీరు రాయండి.

కంగారు, కలవరం, బెంగ, కలత. ఈ నాలుగు మాటలతో మీ ఇంట్లో జరిగిన సంగతులే నాలుగు వాక్యాలు రాయండి.

కింది వాక్యాలు చదవండి. ఎవరు చేశారో వీటిలో లేదు. ఎవరు చేశారో తెలిసేటట్టు మళ్ళీ రాయండి.

గిన్నె పగిలింది.
కూలి డబ్బు ఖర్చయిపోయింది.
కాగితం మీద సంతకం పడింది.
పిల్ల చదువు ఆగిపోయింది.